కారుకీ ఉంది చాతుర్మాస్యం!

తొలి ఏకాదశినాడు ఇద్దరు నిద్రకు ఉపక్రమిస్తారట. ఒకరు పాలకడలిలో శ్రీమహావిష్ణువు. రెండోది ఏలూరులో, మా షెడ్డులో ఉన్న అంబాసిడర్ కారు! మళ్లీ ఇద్దరూ లేచేది కార్తీకమాసంలోనే. ఈ మాట నాది కాదు, మా అత్తయ్యగారిది.

నవ్వొస్తోంది కదూ? మొదట్లో నాకూ నవ్వొచ్చింది. కారేమిటి, నాలుగు నెలల నిద్రేమిటి అనుకున్నాను. అమెరికాలోనో, ఇంగ్లండులోనో అయితే ఒక అర్థముంది. చలికాలంలో అక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు ఇనుమును తినేస్తాయి. అందుకని పాతకాలపు కార్లను ముద్దుగా దాచుకునేవాళ్లు నవంబరు వచ్చేసరికి వాటిని షెడ్డులో పెట్టి, మళ్లీ మార్చి దాటాకే బయటికి తీస్తారు.

మనకా చలీ లేదు, మంచూ లేదు. కానీ మనకు చెమ్మ ఉంది. అందులోనూ మాది కొల్లేటి పక్క ఊరు. ఇటు కృష్ణ, అటు గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏళ్లన్నీ అందులోకే వస్తాయి. బయటికి పోవడానికి ఉన్న దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసుర్లు, ఆ తర్వాత అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. ఆ రోజుల్లో అప్పడాలు మెత్తబడతాయి, ఉప్పు నీరుకారుతుంది, బీరువాలో పట్టుచీరకు బూజు పడుతుంది. మనందరికీ తెలిసిన సంగతే. మరి అదే చెమ్మ ఇనుమును ఊరికే వదిలేస్తుందా?

వదలదు. ఆ సంగతి మేం కొంచెం ఖరీదుగానే తెలుసుకున్నాం.

బరకం కప్పి చేతులు దులుపుకున్నాం

మావయ్యగారు 1986లో కొన్న కారు అది. మీగడ రంగు. అప్పట్లో పెళ్లికొడుకు రావాలన్నా, పురిటికి ఆసుపత్రికి వెళ్లాలన్నా, కలెక్టరుగారు దిగాలన్నా అంబాసిడరే కదా! మా వారు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది అద్దె అంబాసిడర్‌లోనట. మా పిల్లలిద్దరూ వచ్చింది మాత్రం సొంత అంబాసిడర్‌లో. మావయ్యగారు ఆదివారం ఆదివారం దాన్ని కడిగి, తుడిచి, ఒక చుట్టు తిప్పి తెచ్చేవారు. మాకెవరికీ తాళంచెవి ఇచ్చేవారు కాదు.

2020 ఎండాకాలంలో ఆయన వెళ్లిపోయారు. ఆ బాధలో కారు సంగతి ఎవరికి పడుతుంది? వానలు మొదలయ్యాయి. 'తడుస్తుందేమో' అని మా వారు బజారు నుంచి మంచి దళసరి ప్లాస్టిక్ బరకం తెచ్చి, నేలదాకా కప్పి, తాళ్లతో బిగించి కట్టేశారు. 'హమ్మయ్య, చుక్క దిగదు' అనుకున్నాం. ఆ అక్టోబరులో తమ్మిలేరు పొంగి ఏలూరులో చాలా వీధులు మునిగాయి. మా వీధిలోకీ నీళ్లొచ్చాయి గానీ షెడ్డు మెట్టు దాటలేదు. అప్పుడూ అదే ధీమా.

కార్తీకమాసంలో బరకం విప్పాం. చెప్తే నమ్మరు, చుక్క వాన తగలని ఆ కారు, చెరువులోంచి తీసినట్టుంది! సీట్ల నిండా తెల్లటి బూజు. తలుపు తీయగానే ముక్కిన వాసన. బానెట్ కింద ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరికేశాయి. కాళ్ల కింద పట్టా ఎత్తితే, నేల రేకు చిల్లులు పడి కింద గచ్చు కనిపిస్తోంది.

పాత ఇనుము కొనే అతను వచ్చి చూసి, నలభై వేలు ఇస్తానన్నాడు. 'ఇచ్చేద్దాం' అన్నారు మా వారు. అత్తయ్యగారు ఔననలేదు, కాదనలేదు. లోపలికి వెళ్లి పొడిగుడ్డ తెచ్చి, వెనక తలుపు తీసి, తను ఎప్పుడూ కూర్చునే చోట బూజు తుడవడం మొదలుపెట్టారు. అది చూశాక ఇంక మాలో ఎవరికీ అమ్మే ధైర్యం లేకపోయింది.

'వాన కాదండి, మీ బరకం చంపింది'

మావయ్యగారి పాత మెకానిక్ తాడేపల్లిగూడెంలో ఉన్నాడు. డెబ్భై దగ్గరపడ్డ మనిషి. నేను బాబాయ్ అని పిలుస్తాను. బండిని లారీ మీద ఎక్కించి ఆయన షెడ్డుకు పంపించాం. చుట్టూ తిరిగి చూసి ఒకటే మాటన్నాడు.

"ఆయ్, దీన్ని వాన చంపలేదమ్మా. మీరు కప్పిన బరకం చంపిందండి. వేడన్నం ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూతేస్తే ఏటవుద్దండి?"

నాకు వెంటనే బోధపడింది. మూత లోపల బొట్లు బొట్లుగా నీళ్లు పడతాయి. అన్నం పాచిపోతుంది! నేలలోంచి లేచిన చెమ్మ బయటికి పోయే దారి లేక కారుకు అంటుకుపోయింది. వానలో నిలబెట్టినా అది కాస్త ఎండలో ఆరేదేమో. మేం అదీ లేకుండా చేశాం.

రేకులు అతికి, వైర్లు మార్చి, కారు మళ్లీ ఇంటికి రావడానికి మూడు నెలలు పట్టింది. పాత ఇనుము అతను ఇస్తానన్న దానికన్నా ఎక్కువే అయ్యింది. అయినా ఆ మూడు నెలల్లో బాబాయ్ దగ్గర నేర్చుకున్నదాన్ని ఖరీదు కట్టలేం. ఆయన చెప్పినవి ఇంటికొచ్చి అత్తయ్యగారికి చెబితే, "ఇందులో కొత్తేముందమ్మాయ్? గాదెకీ, చీరలకీ మేం చేసేది ఇదేగా!" అన్నారు. నిజమే. పాత కారును వానాకాలం దాటించడం మెకానిక్ పని కన్నా ఎక్కువగా ఇంటిపనే. అందుకే ఈ నాలుగు మాటలూ మీతో చెప్పాలనిపించింది.

ముందు స్నానం, తర్వాతే నిద్ర

మురికి చీర మడతపెట్టి దాచుకుంటామా? కారూ అంతే. దాచేముందు శుభ్రంగా కడగాలి. పైన కన్నా కింద ముఖ్యం. మా వైపు చేపల చెరువుల గట్ల మీద తిరిగిన బండికి అడుగున బురద గడ్డకట్టి ఉంటుంది. రొయ్యల చెరువుల వైపు అయితే అందులో ఉప్పదనం కూడా. చక్రాల పైన గూళ్లలోకి గొట్టంతో గట్టిగా నీళ్లు కొట్టించాలి.

ఇంకో కిటుకు. ప్రతి తలుపు అడుగునా చిన్న చిన్న చిల్లులుంటాయి. అద్దం పక్కనుంచి లోపలికి దిగిన వాననీరు పోవడానికవి. మట్టితో మూసుకుపోతే నీళ్లు తలుపులోనే నిలిచి లోపలినుంచి తుప్పు పట్టిస్తాయి. చీపురుపుల్లతో వాటిని పొడిచి తెరవాలి. కాళ్ల కింద పట్టాలన్నీ తీసి ఇంట్లో పొడిచోట పెట్టుకోవాలి. మా కారులో మావయ్యగారు మోజుపడి వేయించిన ఏలూరు తివాచీ ముక్కలుండేవి. నేల రేకును తినేసింది అవి పీల్చుకున్న చెమ్మే! తర్వాత రెండు రోజులు తలుపులన్నీ తీసి ఎండబెట్టాలి. ఆపైన మైనం పాలిష్.

నూనె, పెట్రోలు, బ్యాటరీ

ఇంజను ఆయిల్ ఎప్పుడు మార్చాలి? 'బయటికి తీసేటప్పుడు మారుద్దాంలే' అనుకుంటాం. తప్పట. వాడిన నూనెలో మసి, చెమ్మ, పులుపు చేరి ఉంటాయి. నాలుగు నెలలు అది ఇంజనులో నిలవుంటే లోపలి భాగాలను కొరుకుతుంది. ఆవకాయకు ఎప్పుడూ కొత్త నూనే పోస్తాం కదా! అలాగే పడుకోబెట్టే ముందే కొత్త ఆయిల్ పోసి, ఒకసారి తిప్పి, అప్పుడు నిలపాలి. ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లలోనూ చెంచాడేసి ఆయిల్ వేసి మళ్లీ బిగిస్తాడు బాబాయ్.

పెట్రోలు సంగతి ఈ రోజుల్లో ఇంకా ముఖ్యం. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇది చెరకు, నూకలు, మొక్కజొన్నల నుంచి తీసే స్పిరిటు. దానికి నీటిని పీల్చుకునే గుణముంది. ముసురు పట్టిన రోజుల్లో బెల్లం ఎలా నీరు లాగుతుందో అలా! పాత కార్ల రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్‌లోని వాషర్లు ఈ ఇథనాల్ కోసం చేసినవి కావు. అవి ఉబ్బి, పగుళ్లిస్తాయి. అందుకని ఆ గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునే రకంవి వేయించుకోవడం మంచిది. ట్యాంకు సగం ఖాళీగా వదలకూడదు. ఖాళీలో గాలి, గాలిలో చెమ్మ, చెమ్మతో తుప్పు. నిండా పోసి మూత బిగించాలి. కార్బొరేటర్‌లో మాత్రం చుక్క ఉండకూడదు. పెట్రోలు గొట్టం విప్పి, ఇంజను దానంతటదే ఆగేదాకా తిప్పిస్తే అది ఖాళీ అవుతుంది. ఇది మాత్రం మెకానిక్ చేతే చేయించండి.

బ్యాటరీ మన చేతిలో పనే. ఇన్వర్టరు పుణ్యమా అని అందరికీ అలవాటైపోయింది కదా! ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు విప్పి, బ్యాటరీని ఇంట్లో పొడిచోట చెక్క మీద పెట్టాలి. కొసల మీద పేరుకున్న తెల్లటి పొడిని వంటసోడా కలిపిన వేన్నీళ్లతో తుడిచి, ఆరాక వ్యాజలైన్ రాయాలి. డిస్టిల్డ్ వాటర్ చూసుకుని నెలకోసారి ఛార్జింగు పెట్టిస్తే చాలు.

హ్యాండ్ బ్రేకు వేసి వదిలేయొద్దు

నిలిపిన బండికి హ్యాండ్ బ్రేకు వేయడం మనకు అలవాటు. కానీ నెలల తరబడి అలా ఉంచితే చెమ్మకు బ్రేకు డ్రమ్ములో అతుక్కుపోతుంది. బ్రేకు తీసేసి, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు అడ్డం పెట్టాలి. టైర్లలో గాలి మామూలు కన్నా కాస్త ఎక్కువ కొట్టించి, పదిహేను రోజులకోసారి కారును అరచక్రం ముందుకో వెనక్కో నెట్టాలి. లేకపోతే బరువంతా ఒకేచోట పడి టైరు అక్కడ చదునైపోతుంది. మా ఇంట్లో ఈ నెట్టుడు కార్యక్రమం పిల్లలకు పండగ!

ప్లాస్టిక్ కిందికి, బట్ట పైకి

మేం చేసిన తప్పు ఇక్కడే. ప్లాస్టిక్ వేయాల్సింది కారు మీద కాదు, కారు కింద! గచ్చు అయినా, మట్టి అయినా నేలలోంచి చెమ్మ లేస్తూనే ఉంటుంది. కారును నిలిపే చోట ముందు ఆ బరకం పరచాలి. పైన మాత్రం గాలి ఆడే నూలు బట్టే. పట్టుచీరను పాత మల్లు పంచెలో చుట్టి పెడతాం గానీ ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టం కదా! అత్తయ్యగారు పాత దుప్పట్లు నాలుగు కలిపి కుట్టి మా కారుకు ముసుగు తయారుచేశారు.

కిటికీ అద్దాలు వేలెడంత దించి, ఆ సందుకు దోమతెర గుడ్డ అడ్డం పెట్టాలి. సీట్ల మీద ఎండిన వేపాకు, ఒక గిన్నెలో బొగ్గులు, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు ఉంచాలి. వాన తెరిపిచ్చి ఎండ కాసిన రోజున ముసుగు తీసి, తలుపులు తెరవాలి. బొగ్గులు, పొట్లాలు కూడా ఎండలో పెట్టి మళ్లీ వాడుకోవచ్చు. వడియాలు ఎండబెట్టే రోజే కారుకూ ఎండ!

ఇక ఎలుకలు. పొలాల్లో నీళ్లు నిలిస్తే అవి ఊళ్లోకి వస్తాయి. సైలెన్సర్ గొట్టం చివర గుడ్డ ముద్ద దోపి, మరిచిపోకుండా స్టీరింగుకు ఎర్ర రిబ్బను కట్టండి. బానెట్ కింద కలరా ఉండలు మూట కట్టి వేలాడదీయాలి. అన్నింటికన్నా మంచి మందు, బానెట్ కొంచెం ఎత్తి వెలుతురు పడనివ్వడం. చీకటి ఉన్నచోటే ఎలుక గూడు కడుతుంది. మా షెడ్డులో తినే వస్తువు ఏదీ ఉంచం, ఆఖరికి కోళ్ల మేత కూడా.

వారానికోసారి స్టార్ట్ చేయాలా?

అందరూ ఇచ్చే సలహా ఇది. 'రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయండి, బాగుంటుంది' అని. బాబాయ్ ఒప్పుకోడు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజను బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో ఆపేస్తే చల్లటి సైలెన్సర్‌లో నీళ్లుగా మారి అక్కడే నిలిచిపోతుంది. "తిప్పితే పదిహేను కిలోమీటర్లు తిప్పండి. లేదంటే ముట్టుకోకండి" అంటాడు. నాకు నచ్చిన మాట. పడుకున్న పసివాణ్ని ఊరికే కదిపి లేపితే ఇద్దరికీ నిద్రుండదు!

నీళ్లే వచ్చేస్తే?

ఇది మన ప్రాంతపు అసలు భయం. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు ఎన్ని వాహనాలు నీళ్లపాలయ్యాయో చూశాం. ఆ నీళ్లే దిగువకు వచ్చి కొల్లేటి లంక గ్రామాలను ముంచాయి. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు మీదికీ నీళ్లెక్కాయి.

వాన హెచ్చరిక రాగానే బండిని మెరక చోటికి చేర్చడమే అసలు జాగ్రత్త. ఆ ఏడాదే అక్టోబరులో చెన్నైలో వేళచ్చేరి జనం ముందుగానే కార్లన్నీ తెచ్చి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టుకున్నారు. మేమూ మెరకన ఉన్న చుట్టాలింటి అరుగు పక్కన చోటు అడిగి ఉంచుకున్నాం.

ఒకవేళ కారు మునిగితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 'ఆన్ అవుతుందేమో చూద్దాం' అని తాళంచెవి తిప్పొద్దు! సిలిండర్లలో నీళ్లుంటే, గాలిలా అవి అణగవు. లోపలి కడ్డీలు వంగి ఇంజనే పోతుంది. ముందు ఫొటోలు తీసి, బ్యాటరీ విప్పి, బండిని తోయించుకుని షెడ్డుకు పంపాలి. ఆయిల్ పుల్ల తీసి చూస్తే, నూనె పాలు పోసిన టీ రంగులో ఉందంటే నీళ్లు కలిసినట్టే. పాత కారు కదా అని చాలామంది థర్డ్ పార్టీ బీమా మాత్రమే కడతారు. వరద నష్టానికి దానితో పైసా రాదు. పూర్తి బీమా ఉన్నా ఇంజనులోకి నీళ్లు వెళ్లిన నష్టానికి అదనపు రక్షణ విడిగా తీసుకోవాలి.

కాగితాలు నిద్రపోవు

కారు నిద్రపోయినా కాగితాలు నిద్రపోవు! సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత బండిని చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. దానికి రుసుము 600 రూపాయలుండేది. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయ్యింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. గడువు షెడ్డులో ఉండగా దాటిపోకుండా క్యాలెండర్ మీద పాలచిట్టా పక్కనే రాసుకోండి.

ఇంకో ముచ్చట. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండ్లను 'వింటేజ్' వాహనాలుగా గుర్తించి, నంబరులో 'వి.ఎ.' అనే అక్షరాలు ఇచ్చేలా 2021లో కేంద్రం నిబంధనలు మార్చింది. నిజాంగారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో చూసి అబ్బురపడతాం. మామూలు ఇళ్ల కార్లకూ ఆ గౌరవం అందే దారి ఇది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మేలోనే అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ముంబయిలో ఆఖరి పద్మినీ ట్యాక్సీ 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. ఇక ఉన్నవాటిని కాపాడుకోవడమే. మా కారుకు యాభై నిండేది 2036లో. "అప్పటిదాకా నేనుంటానా?" అంటారు అత్తయ్యగారు. "మీ కుట్టిన ముసుగైతే ఉంటుందండీ" అంటాను.

మేలుకొలుపు

కార్తీకంలో ముసుగు తీసే రోజు మా ఇంట్లో చిన్న పండగే. సైలెన్సర్ గుడ్డ తీస్తాం, బ్యాటరీ బిగిస్తాం, టైర్లలో గాలి, ఆయిల్, బ్రేకు నూనె చూస్తాం. బ్రేకు నూనె కూడా చెమ్మ పీల్చేదే, రెండేళ్లకోసారి మార్పిస్తాం. స్టార్ట్ చేశాక ముందు వాకిట్లోనే పదడుగులు కదిలించి బ్రేకు పడుతోందో లేదో చూశాకే వీధెక్కడం. అత్తయ్యగారు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచుతారు.

డ్రైవింగు నేనూ నేర్చుకున్నాను. మా వారే నేర్పుతానన్నారు గానీ రెండో రోజుకే మా ఇద్దరికీ మాటల్లేవు. చివరికి బాబాయే గూడెం శివార్లలో నేర్పించాడు. కిందటేడు కార్తీకంలో మొదటిసారి నేను నడుపుతూ కైకలూరు పక్క ఆటపాకకు గూడబాతులను చూడ్డానికి బయల్దేరాను. అత్తయ్యగారు అలవాటుగా వెనక తలుపు దగ్గరికి నడిచారు. ఒక్క క్షణం ఆగారు. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చున్నారు.

"ముప్పై ఏళ్ల పైన ఈ కారెక్కాను. రోడ్డు ఇంత బాగా కనిపిస్తుందని తెలీదమ్మాయ్" అన్నారు.

మీ ఇంట్లోనూ నాన్నగారిదో, తాతగారిదో ఒక అంబాసిడర్, ఒక పద్మిని, పోనీ ఒక పాత స్కూటరు ముసుగేసుకుని మూల ఉందా? ఈ తొలి ఏకాదశి దాకా ఆగకండి. ఇవాళే వెళ్లి ఆ ముసుగు ప్లాస్టిక్‌దా, బట్టదా చూడండి.